"ఏదైనా చెప్పు" అంటే వాడికి అర్థం కాదు

"మా బాబుకి ఆటిజం, బీసీఏ రెండో ఏడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందా?" అని అడిగారు. వస్తుంది. అడ్డమల్లా ఇంటర్వ్యూనే. మా తమ్ముడి పక్కనే ఉండి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నాలుగేళ్ళొచ్చినా వాడు మాట్లాడకపోతే "రెండు భాషలు కలిపేశారు, అందుకే" అని వీధిలో అందరూ మా అమ్మనే అన్నారు. భాషల వల్ల ఆటిజం రాదు. ఆ మాట నమ్మి అమ్మ వాడితో తెలుగు మానేసింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

డిగ్రీ అయ్యాక విశాఖలో ఒక కంపెనీకి తీసుకెళ్ళాను. రాత పరీక్ష పాసయ్యాడు. తర్వాత ముగ్గురు కూర్చుని "నీ గురించి చెప్పు" అన్నారట. "ఏం చెప్పాలి?" అన్నాడట. "ఏదైనా" అన్నారట. పది నిమిషాల్లో బయటికి పంపేశారు. తిరుగు రైల్లో పార్వతీపురం దాకా "ఏదైనా అంటే ఏది అక్కా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆర్నెల్ల తర్వాత మా ఊళ్ళోనే షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చే ఒకాయన, నాన్నకి తెలిసినవారు, "ఇంటర్వ్యూ ఎందుకమ్మా, పది రోజులు పంపించు" అన్నారు. మూడో రోజు వీడు ఒక కాగితం తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాడు. 47.50 రూపాయల సరుకు రాయగడలో అమ్మితే కేంద్రం పన్ను సీజీఎస్టీ 9 శాతం, రాష్ట్రం పన్ను ఎస్జీఎస్టీ 9 శాతం. ఒక్కోటి 4.275, అంటే 4.28. రెండూ కలిపి 8.56. అదే సరుకు ఆంధ్రాకి పంపితే, వేరే రాష్ట్రం కాబట్టి, ఐజీఎస్టీ అని ఒకే పన్ను 18 శాతం, 8.55. సాఫ్ట్‌వేర్ బిల్లులో అన్నిటికీ ఒకేసారి 18 శాతం వేస్తోంది, రిపోర్టులో మాత్రం విడదీస్తోంది. నెలాఖరున షాపుల లెక్కలు పైసల్లో తేలకపోవడం అందుకే! ఆయన రెండేళ్ళుగా వెతుకుతున్న తప్పట అది.

ఇది నాలుగో ఏడు. టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని, అంతా వాడిదే. పని వాట్సాప్‌లో రాసిస్తారు, ఫోన్ చెయ్యరు. కరెంటు పోయి జనరేటర్ వేస్తే ఆ మోత పడక ఇంటికొచ్చేస్తాడు, మిగతాది ఇంట్లో చేస్తాడు. ఆయన చేసిన సర్దుబాటు ఇంతే, పైసా ఖర్చు లేదు. డెన్మార్క్‌లో ఆటిజం ఉన్నవాళ్ళకి ఉద్యోగాలిచ్చే స్పెషలిస్టెర్నె అనే సంస్థ 2004లో మొదలైంది, అక్కడ ఇంటర్వ్యూకి బదులు లెగో బొమ్మ ముక్కలతో రోబోలు కట్టించి మనిషి పనితనం చూసేవారు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎస్ఏపీ 2013లో వాళ్ళతో చేతులు కలిపింది. మిగతా కంపెనీలకి ఇదేం బ్రహ్మవిద్యా?

అలాగని ఆటిజం ఉన్నవాళ్ళంతా లెక్కల్లో మేధావులని టీవీల్లో చెప్పేది నమ్మకండి. ఆ మాట వల్ల మామూలుగా చదివే పిల్లల తల్లిదండ్రులకి ఊరికే టెన్షన్.

ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా సంగతి కూడా చెప్పాలి. 2016 చట్టం వికలాంగులకి 4 శాతం ఇచ్చింది. అందులో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం లాంటివన్నీ కలిపి 1 శాతమే. దానికైనా 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మమ్మల్ని ఒక డాక్టరు "చూడ్డానికి బాగానే ఉన్నాడుగా" అని రెండుసార్లు తిప్పి పంపారు. మీరు డిగ్రీ అయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే యూడీఐడీ కార్డుకి, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకి, దరఖాస్తు పెట్టండి.

మీ బాబు ఏ పనిలో కూర్చుంటే అన్నం కూడా మరిచిపోతాడో నాకు రాయండి. టెస్టింగ్ వైపు అయితే, రోజూ ఏమేం చేస్తాడో మా తమ్ముడి చేతే రాయించి పంపిస్తాను. ఫోన్‌లో మాట్లాడమంటే మాట్లాడడు గాని, రాయమంటే ఒక్క ముక్క వదలకుండా రాస్తాడు.