గాజు పలక తీసేశాక

చి. ల. సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. డెట్రాయిట్‌లో నార్త్ ఎండ్ అనే నల్లజాతి పేటలో ఇళ్ళకు ఉచితంగా ఇంటర్నెట్ అందించే జట్టులో చేరావని తెలిసి సంతోషించాను. మొన్నటి మీటింగులో నీ ప్లాను చూపిస్తే ఎవరూ నోరు విప్పలేదని, చివర్లో ఒకాయన థాంక్స్ చెప్పి కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడని రాశావు. "మంచికి పోతే ఇలాగా పెద్దమ్మా" అన్నావు. ఇది ఫోన్లో తేలే మాట కాదని కూర్చుని రాస్తున్నాను.

ఆ ఊళ్ళో నేనూ మీ పెదనాన్నా ఇరవై ఆరేళ్ళు మందుల షాపు నడిపాం కదా. మేం కొనేనాటికే కౌంటరు మీద ఈ చివర నుంచి ఆ చివరకు గాజు పలక ఉండేది, తుపాకీ గుండు దిగనంత మందం. కింద ఒక స్టీలు సొరుగు. అవతలివాళ్ళు అందులో చీటీ పెడితే ఇటు లాక్కునేవాళ్ళం, మందు పెట్టి అటు తోసేవాళ్ళం. షుగరు మందు కోసం నెలనెలా ఒక నల్లజాతి పెద్దావిడ వచ్చేది. వినికిడి తక్కువ. గాజుకున్న కంతల దగ్గర చెవి ఆనించి "మళ్ళీ చెప్పమ్మా" అనేది. ఒకరోజు ఆ సొరుగు వైపు చూపించి, "మా ఇంట్లో కుక్కకు కూడా గిన్నె ఇలా తొయ్యం" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తాతగారి ఊళ్ళో టీకొట్టు బయట గూట్లో విడిగా పెట్టే గ్లాసులు గుర్తొచ్చాయి. మాలపల్లె నుంచి వచ్చినవాళ్ళు అందులోనే తాగి, వాళ్ళే కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి వెళ్ళాలి. చిన్నప్పుడు చూసి ఊరుకున్నాను. ఇన్ని సముద్రాలు దాటి వచ్చి నేనూ ఒక గూడు కట్టుకుని కూర్చున్నానా అనిపించింది. మీ పెదనాన్నను ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. పలక తీయించాం. తీశాక రెండుసార్లు దొంగలు పడ్డారు. భయం వేయలేదని చెప్పను. కానీ మళ్ళీ బిగించలేదు. ఆ పెద్దావిడ ఆ తర్వాత తన మనవల సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. వీధిలో ఎవరికి ఏ కష్టం ఉందో నాకు తెలిసింది ఆవిడ నోటి ద్వారానే.

నీ ప్లాను కూడా సొరుగులోంచి తోసిన మందులాంటిదే తల్లీ. మందు మంచిదే కావచ్చు. మధ్యలో పలక ఉంది.

ఇంకో సంగతి. స్లైడులో వీధులకు రంగులేసిన మ్యాపు పెట్టానన్నావు. ఇంటర్నెట్ లేని ఇళ్ళు ఎరుపు. 1930లలో ప్రభుత్వం తరఫున ఇలాంటి మ్యాపులే గీశారు. నల్లజాతి వాళ్ళున్న పేటలకు ఎరుపు పూశారు. అక్కడ ఇంటి అప్పు పుట్టడం గగనమైంది. ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర బర్‌వుడ్ వీధి వెనక ఒక గోడ ఉంది, ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు. 1941లో ఒక బిల్డరు తెల్లవాళ్ళ కోసం ఇళ్ళు కడుతుంటే, పక్కనే నల్లజాతి వాళ్ళున్నారని గృహరుణాలకు ప్రభుత్వ పూచీ రాలేదు. మధ్యలో గోడ కట్టాక వచ్చింది. ఇప్పుడు దాని మీద బొమ్మలు వేశారు, పిల్లలు పక్కన ఆడుకుంటారు. ఒక ఆదివారం వెళ్ళి ఆ గోడ పొడుగునా నడువు. తర్వాత డౌన్‌టౌన్ పక్కన 375 హైవే మీద కారు నడిపేటప్పుడు గుర్తుపెట్టుకో, ఆ తారు కింద హేస్టింగ్స్ స్ట్రీట్ ఉంది. మంగలి షాపులు, డాక్టర్లు, హోటళ్ళు, పాటల క్లబ్బులు, చాలావరకు నల్లజాతి వాళ్ళవి. బాగుచేస్తామని చెప్పి వాటిని పడగొట్టారు. 1964లో హైవే తెరిచారు. అద్దెకుండి వ్యాపారం చేసుకున్నవాళ్ళ చేతికి పెద్దగా ఏమీ రాలేదు. బయటివాళ్ళు మ్యాపు పట్టుకుని మంచి చేస్తామంటే ఆ ఊరి పెద్దవాళ్ళు మౌనంగా ఎందుకుంటారో నీకే అర్థమవుతుంది.

ఇదంతా మనది కాని కథ అనుకోకు. మనవాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా ఈ దేశానికి రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. దాన్ని సెనేట్లో ప్రవేశపెట్టింది మన మిషిగన్ సెనేటరు ఫిలిప్ హార్ట్. నల్లజాతి వాళ్ళ పౌరహక్కుల ఉద్యమం లేకపోతే ఆ చట్టం లేదు. మేం 1984లో వచ్చేనాటికి విన్సెంట్ చిన్ కేసు ఇంకా రగులుతూనే ఉంది. జపాను కార్ల వల్ల ఇక్కడి ఉద్యోగాలు పోతున్నాయన్న కసి నిండిన రోజులు. 1982లో కార్ల పరిశ్రమకు చెందిన ఇద్దరు తెల్లవాళ్ళు చైనా మూలాలున్న ఆ కుర్రాణ్ణి బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. ఇద్దరికీ చెరి మూడు వేల డాలర్ల జరిమానా, ప్రొబేషన్, అంతే. జైలు లేదు. ఆ తల్లి లిల్లీ చిన్ న్యాయం కోసం ఊరూరా తిరిగితే జెస్సీ జాక్సన్ లాంటి నల్లజాతి నాయకులు ఆమె పక్కన నిలబడ్డారు. 2017లో కాన్సస్‌లో మన శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పుడు నాకు ముందుగా ఫోన్ చేసింది ఎవరనుకున్నావు? షాపుకొచ్చే వాళ్ళే. "మీ పిల్లలు క్షేమమేనా?" అని.

సరే, పని సంగతికొస్తాను. మొదటి మూడు నెలలు మీటింగుల్లో మాట్లాడకు. ముందే వెళ్ళి కుర్చీలు వెయ్యి, అయ్యాక తియ్యి. అడిగితేనే చెప్పు. వాళ్ళు ఇంటర్నెట్ కంటే ముందు వీధి దీపం గురించో, నీళ్ళ బిల్లు గురించో మాట్లాడితే విసుక్కోకు.

యాంటెన్నా బిగించడానికి నువ్వు పైకప్పు ఎక్కకు. ఆ వీధి పిల్లల్ని ఎక్కించు. డెట్రాయిట్ కమ్యూనిటీ టెక్నాలజీ ప్రాజెక్టు వాళ్ళు ఈక్విటబుల్ ఇంటర్నెట్ ఇనిషియేటివ్ మొదలుపెట్టినప్పుడు చేసింది అదే. పేటలో వాళ్ళకే శిక్షణ ఇచ్చి డిజిటల్ స్టీవార్డులు, అంటే నెట్‌వర్కును చూసుకునేవాళ్ళు, అని పేరు పెట్టారు. అప్పట్లో ఆ ఊళ్ళో నూటికి నలభై ఇళ్ళ దాకా ఇంటర్నెట్ లేదు. ఒక చర్చి మీదకో, ఎత్తైన భవనం మీదకో ఫైబర్ లైను తెచ్చి, అక్కణ్ణుంచి గాలిలో ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు సిగ్నల్ పంపడం ఇందులో పద్ధతి. ఒక యాంటెన్నాకు ఇంకోటి కనపడాలి. చలికాలంలో చక్కగా పనిచేసింది మే నెలలో ఆకులు ముదరగానే చతికిలబడుతుంది. ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందో ఆ వీధిలో ఉండేవాడికి తెలుస్తుంది, ఊరి శివారు కాంటన్‌లో ఉండే నీకు తెలియదు. అందుకే నేర్పాల్సింది వాళ్ళకే, జీతం ఇవ్వాల్సింది కూడా వాళ్ళకే. పాస్‌వర్డులు, కంట్రోలు అన్నీ వాళ్ళ చేతుల్లోనే ఉండాలి. నువ్వు రేపు ఉద్యోగం మారి టెక్సాస్ వెళ్ళిపోయినా రూటరు ఆగకూడదు.

ఉచితం అనే మాట జాగ్రత్తగా వాడు. ఇంటర్నెట్ బిల్లుకు నెలకు ముప్ఫై డాలర్ల దాకా ఇచ్చే కేంద్ర పథకం 2024లో డబ్బు లేక ఆగిపోయింది. దేశం మొత్తం మీద 2 కోట్ల 30 లక్షల ఇళ్ళు దాన్నే నమ్ముకుని ఉన్నాయి. ఇచ్చి లాక్కోవడం కంటే ఇవ్వకపోవడమే నయం అని ఒక తల్లి నా ముందు ఏడ్చింది. కాబట్టి మొదటి రోజే చెప్పు: లైను బిల్లు ఎవరు కడుతున్నారు, ఎన్నాళ్ళకు డబ్బుంది, పరికరం పాడైతే ఎవరొస్తారు. ఇల్లు అలకగానే పండగ కాదని వాళ్ళకు నీకంటే బాగా తెలుసు.

డబ్బు ఎక్కడ ఖర్చుపెడుతున్నావో కూడా చూసుకో. మీటింగుకు తిండి ఆ వీధి హోటల్లోనే కొను. మేకులు, నిచ్చెన ఆ వీధి హార్డ్‌వేర్ కొట్లోనే కొను, నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే. బిల్లు అదే రోజు కట్టు. మాకు ఒక సంస్థ మూడు నెలలు డబ్బు ఆపితే ఆ మూడు నెలలూ నా బంగారు గాజులు తాకట్టులో ఉన్నాయి. వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద 2024లో తెరిచిన డెట్రాయిట్ పీపుల్స్ ఫుడ్ కో-ఆప్‌కు వెళ్ళావా? అది సభ్యుల సొంత దుకాణం. మాలిక్ యకీనీ, ఆయన తోటివాళ్ళు పదేళ్ళకు పైగా దాని కోసం కష్టపడ్డారు. కూరగాయలు అక్కడే కొను. లైనులో నిలబడి కబుర్లు విను, మీటింగులో దొరకని సంగతులు అక్కడ దొరుకుతాయి.

చివరిది, అన్నిటికంటే కష్టమైనది, మన ఇళ్ళలో చేయాలి. శనివారం విందుల్లో "ఆ ఏరియా వైపు వెళ్ళకండి, అంతా వాళ్ళే" అంటారు. మీ అమ్మ కూడా అంటుంది, నా చెల్లెలు కదా, నాకు తెలుసు. అప్పుడు ప్లేటు చూసుకుంటూ ఊరుకోకు. గొడవా పడకు. "వాళ్ళంటే ఎవరు పిన్నీ? నాకు ఒకావిడ తెలుసు, ఆవిడ..." అని మొదలుపెట్టు. అలా చెప్పడానికైనా నీకు ఒకావిడ తెలిసి ఉండాలి.

2020లో బళ్ళు మూసేసినప్పుడు, తొమ్మిదో తరగతి పిల్లాడొకడు మా షాపు మెట్ల మీద కూర్చుని మా వైఫై పట్టుకుని పాఠాలు వినేవాడు. నవంబరు చలిలో, వేళ్ళకు గ్లోవ్స్ తీసేసి టైపు చేస్తూ. లోపలికి పిలిచి హీటరు పక్కన స్టూలు వేశాను. వాడికిప్పుడు పంతొమ్మిదేళ్ళు, ఇంకా ఆ వీధిలోనే ఉన్నాడు. పైకప్పు పని నేర్చుకుంటాడట, కానీ ముందు నిన్ను చూడాలన్నాడు. శనివారం పదింటికి నన్ను ఎక్కించుకో. ల్యాప్‌టాప్ తేవద్దు. నా గరాజులో మడత కుర్చీలు ఇరవై ఉన్నాయి, డిక్కీ ఖాళీ చేసి పెట్టు.

మీ పెద్దమ్మ