గ్రేహౌండ్ పందేలు: నిషేధం కోరాలా, నియంత్రణ కోరాలా?

ప్రశ్న: మా తమ్ముడు మోజుపడి రెండు గ్రేహౌండ్ కుక్కలను కొన్నాడు. మా ప్రాంతంలో కొందరు టిక్కెట్లు పెట్టి కుక్కల పందేలు నిర్వహించాలనుకుంటున్నారు. ఈ రెండింటినీ పరుగుకు పంపమని వాడి వెంటపడుతున్నారు. కుక్కల పందేలను నిషేధించిన చట్టమేదీ లేదని, ఎద్దుల ఆటలకే సుప్రీంకోర్టు ఒప్పుకున్నాక కుక్కలకు అడ్డేముంటుందని వారి వాదన. మేము కొందరం కలిసి మా ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాము. పూర్తి నిషేధం అడగాలా, నియమాలతో కూడిన చట్టం అడగాలా? ఈలోగా మేము చేయగలిగింది ఏమిటి?

జవాబు: నిర్వాహకులు చెబుతున్నదానిలో సగమే నిజం. గ్రేహౌండ్ పందేలను పేరు పెట్టి నిషేధించిన కేంద్ర చట్టం మన దేశంలో లేదు. వాటికి అనుమతినిచ్చిన కేంద్ర చట్టం కూడా లేదు. ఎద్దుల ఆటల తీర్పును వారు తమకు అనుకూలంగా చదువుకుంటున్నారు. 2014 మే 7న నాగరాజ కేసులో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను తప్పుపట్టింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం వాటిని సమర్థించిందంటే, ఆ మధ్యకాలంలో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర శాసనసభలు జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే కేంద్ర చట్టానికి సవరణలు చేసి రాష్ట్రపతి ఆమోదం పొందాయి కాబట్టి. అటువంటి సవరణ ఏదీ లేకుండా ఆ తీర్పును కుక్కల పందేలకు వర్తింపజేయడం కుదరదు.

ఇప్పుడు అమలులో ఉన్నది జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960. టిక్కెట్టు కొన్న ప్రజలను అనుమతించే ఏ వినోద కార్యక్రమంలోనైనా జంతువును ప్రదర్శించాలన్నా, అందుకోసం దానికి శిక్షణ ఇవ్వాలన్నా, 22వ సెక్షన్ ప్రకారం ముందుగా నమోదు తప్పనిసరి. 2001 నాటి నియమాల ప్రకారం ఆ నమోదు భారత జంతు సంక్షేమ మండలి వద్ద జరగాలి. నమోదు లేకుండా ప్రదర్శిస్తే మూడు నెలల వరకు జైలు, ఐదు వందల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి నిర్వాహకులను మీరు అడగవలసిన మొదటి మాట, నమోదు పత్రం చూపించమని. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, ఎద్దు వంటి జంతువులను కేంద్రం ప్రదర్శన నుంచి పూర్తిగా నిషేధించింది గాని, కుక్క ఆ జాబితాలో లేదన్న సంగతి కూడా మీరు తెలుసుకుని ఉండాలి. అందుచేత నమోదు అడ్డంకి దాటగలిగినదే. దానినే నమ్ముకుని ఊరుకోవద్దు.

టిక్కెట్టు ఉన్నా లేకపోయినా వర్తించేది 11వ సెక్షన్. కొట్టడం, అనవసరమైన నొప్పి కలిగించడం, ఒంట్లో సత్తువ లేని జంతువుతో పని చేయించడం, హానికరమైన మందులు ఇవ్వడం, ఆకలిదప్పులకు గురయ్యే పరిస్థితిలో వదిలేయడం, ఇవన్నీ అందులో నేరాలే. కుక్కలను ఉసిగొల్పడానికి బతికి ఉన్న కుందేలును ఎరగా వాడితే అదే సెక్షన్ కింద మరో నేరమవుతుంది. అటువంటి స్థలాన్ని నిర్వహించేవారినీ, ప్రవేశానికి డబ్బు తీసుకునేవారినీ పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. అడవి కుందేలైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తోడవుతుంది. బెట్టింగ్ సంగతి తేలికగా చెప్పవచ్చు. తెలుగు రాష్ట్రాలలో 1974 నాటి గేమింగ్ చట్టం మినహాయింపు ఇచ్చింది గుర్రప్పందేలకే. 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు నైపుణ్యంతో కూడిన ఆట అన్నది కూడా గుర్రప్పందేన్నే. కుక్కల మీద డబ్బు కాస్తే ఆ రక్షణ దొరకదు.

ఇన్ని సెక్షన్లు ఉండగా కొత్త చట్టం ఎందుకని మీ ఎమ్మెల్యే అడగవచ్చు. 11వ సెక్షన్ కింద మొదటిసారి నేరానికి శిక్ష పది నుంచి యాభై రూపాయల జరిమానా మాత్రమే. 1960లో రాసిన ఆ అంకె నేటికీ అలాగే ఉంది. ఒక కుక్క కాలు విరిగి పందెం నుంచి తప్పుకుంటే, దాన్ని ఊరి బయట వదిలేసిన యజమానికి చట్టం వేసే జరిమానా ఆ కుక్కకు కట్టు కట్టించే ఖర్చుతో పోలిస్తే ఏ మూలకూ రాదు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో జంతువును చంపడానికి, అంగవైకల్యం కలిగించడానికి ఐదేళ్ల వరకు శిక్ష ఉన్నా, ఎవరికో ఒకరికి నష్టం కలిగించాలన్న ఉద్దేశాన్ని రుజువు చేయాలి. తన సొంత కుక్కను తానే వదిలించుకున్న యజమాని విషయంలో ఆ రుజువు చాలా కష్టం.

ఈ పందేలలో కుక్కకు జరిగే హాని ఎక్కడ పుడుతుందో తెలిస్తేనే చట్టంలో ఏం రాయాలో తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్లు దాటిన వేగంతో అరడజను కుక్కలు ఒకే యాంత్రిక ఎర వెంట, గడియారపు ముల్లుకు ఎదురు దిశలో మలుపు తిరుగుతాయి. అలా ఒరిగినప్పటి భారమంతా పదేపదే కుడి వెనుక కాలి మడమ కీలు మీద పడి, అందులోని చిన్న ఎముక చిట్లడం పశువైద్యులకు బాగా తెలిసిన గాయం. మొదటి మలుపు దగ్గర కుక్కలు ఒకదానినొకటి ఢీకొనడం మరో కారణం. గాయపడకపోయినా నాలుగైదేళ్ల వయసుకే పరుగు ముగుస్తుంది. గ్రేహౌండ్ పన్నెండేళ్లకు పైగా బతకగలదు. పందెం రోజును మాత్రమే చూసే చట్టం ఆ మిగిలిన ఏడెనిమిదేళ్లను గాలికి వదిలేస్తుంది.

ఇతర దేశాల అనుభవమూ ఇదే చెబుతోంది. ఇంగ్లండ్‌లో 2010 నుంచి ఉన్న నిబంధనలు మైదానంలో పశువైద్యుడు ఉండాలన్నాయి, ప్రతి కుక్కకూ గుర్తింపు ఉండాలన్నాయి, గాయాల నమోదు తప్పనిసరి చేశాయి. అవి మంచివే. కాని కుక్క తన జీవితంలో ఎక్కువ భాగం గడిపే శిక్షకుల కెన్నెళ్లకు, అంటే కుక్కల శాలలకు, అవి వర్తించలేదన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో ప్రత్యేక విచారణ కమిషన్ 2016లో ఇచ్చిన నివేదిక, అంతకుముందు పన్నెండేళ్లలో పోటీకి పనికిరావన్న కారణంతో చంపిన కుక్కల సంఖ్యను 48,891కి, 68,448కి మధ్య అంచనా వేసింది. ఆ రాష్ట్రం ఆగస్టులో నిషేధ చట్టం చేసి, ఒత్తిడికి తలవంచి అక్టోబరులో వెనక్కి తగ్గి, 2017లో పర్యవేక్షణ కమిషన్‌తో కూడిన చట్టం తెచ్చుకుంది. చైనా పాలనలోని మకావ్‌లో 2018 జులైలో పందెపు మైదానం మూతపడేనాటికి 500కు పైగా కుక్కలు అక్కడే మిగిలిపోయాయి. వాటిని ఎవరు చూడాలన్నది ముందే తేల్చుకోకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది అది. ఆ పాఠం న్యూజిలాండ్‌కు బాగా ఉపయోగపడింది అనిపిస్తుంది. 2024 డిసెంబరు 10న నిషేధ నిర్ణయాన్ని ప్రకటించి సుమారు ఇరవై నెలల గడువు ఇస్తూనే, యజమానులు తొందరపడి కుక్కలను చంపకుండా అడ్డుకునే చట్టాన్ని ఆ రోజే ఆమోదించింది. అమెరికాలోని ఫ్లోరిడాలో 69 శాతం ఓటర్లు 2018లో నిషేధానికి ఓటు వేశారు. పందేలు నడిపేవారికి 2020 చివరి వరకు సమయం ఇచ్చారు.

కనుక నా సలహా, నిషేధమే అడగండి. ఆ దేశాలలో మైదానాలు, ఉద్యోగాలు, పన్ను ఆదాయం వేళ్లూనుకున్నాక నిషేధించవలసి వచ్చింది. మన దగ్గర అటువంటి పరిశ్రమ ఇంకా తయారు కాలేదు, అడ్డుకోవడానికి ఇంతకంటే తగిన సమయం ఉండదు. అయితే వినతిపత్రంలో ఒక్క నిషేధ వాక్యం రాసి సరిపెట్టవద్దు. పందెం కోసం పెంచిన ప్రతి కుక్కకూ మైక్రోచిప్ వేసి, పుట్టినప్పటి నుంచి చేతులు మారిన ప్రతిసారీ నమోదు చేయాలని, పశువైద్యుడి లిఖితపూర్వక ధ్రువీకరణ లేనిదే ఏ కుక్కనూ చంపరాదని, చట్టం అమలులోకి వచ్చేనాటికి ఉన్న కుక్కలను కొత్త ఇళ్లకు చేర్చే ఖర్చు యజమానులు, నిర్వాహకులు భరించాలని స్పష్టంగా అడగండి. కుక్కల పెంపకందారుల నమోదుకు 2017 నుంచి కేంద్ర నియమాలు ఉన్నాయి. వాటికి ఈ నమోదును జోడించడం కష్టమేమీ కాదు. జరిమానా యాభై రూపాయలతో ఆగిపోకుండా చూడమనడం కూడా మరువవద్దు.

శాసనసభకు ఈ అధికారం ఉందా అన్న అనుమానం అక్కరలేదు. క్రీడలు, వినోదాలు, బెట్టింగ్ రాష్ట్ర జాబితాలోని 33, 34 అంశాలు. జంతువులపై క్రూరత్వ నిరోధం ఉమ్మడి జాబితాలో 17వ అంశం. కేంద్ర చట్టంతో పొసగని నిబంధన ఏదైనా ఉంటే 254(2) అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. శిక్షలను మార్చాలంటే మాత్రం ఆ ఆమోదం తీసుకోవడం మంచిది.

ఈలోగా జంతు సంక్షేమ మండలికి, కలెక్టరుకు, జిల్లా జంతు క్రూరత్వ నిరోధక సంఘానికి, పోలీసు స్టేషన్‌కు నిర్వాహకుల ప్రకటన, టిక్కెట్టు నమూనా జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. పందెం జరిగిపోతే, ఈ చట్టం కింద నేరానికి ప్రాసిక్యూషన్ మూడు నెలల్లోగా మొదలు కావాలన్న 36వ సెక్షన్‌ను గుర్తుంచుకుని, పోలీసులు కదలకపోతే మెజిస్ట్రేటు వద్ద నేరుగా ఫిర్యాదు దాఖలు చేయండి. మీ తమ్ముడు నిర్వాహకులిచ్చే ఏ ఒప్పంద పత్రం మీదా సంతకం చేయకూడదు. నమోదు లేని ప్రదర్శనకు కుక్కను ఇచ్చిన యజమాని కూడా ఆ కేసులో నిందితుడు కావచ్చునని ఆయనకు స్పష్టంగా చెప్పండి.