‘నీ ఓపికకు దండం’ అనేవాళ్ళకు పని చెప్పండి

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. పన్నెండేళ్ళుగా బెంగళూరు కగ్గదాసపురలో ఉంటున్నాం. నాకు 39 ఏళ్ళు. మా ఆయన సొంత కారును ట్యాక్సీగా నడిపేవాడు. పద్నాలుగు నెలల కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు సరిగా రావు, మాట ముద్దగా వస్తుంది. పీజీల్లో ఉండే మనవాళ్ళ పిల్లలకు నేను ఇరవై రెండు క్యారియర్లు వండి పంపుతాను. సరుకులు, గ్యాస్ పోను నెలకు 24 వేలు మిగులుతుంది. అద్దె 9 వేలు. కారు కంతు 11,600, ఇంకా పంతొమ్మిది నెలలు కట్టాలి. కారేమో కవర్ కప్పుకుని ఇంటి ముందే ఉంది. అమ్ముదామంటే ఆయన మాట్లాడడం మానేస్తాడు. ఎక్సర్‌సైజులు చేయమంటే ‘ఇంక ఇంతేలే’ అని మొండికేస్తాడు, ఉన్నట్టుండి ఏడుస్తాడు. నేను నాలుగింటికి లేస్తే పడుకునేసరికి పదకొండున్నర. రాత్రి రెండుసార్లు మూత్రానికి లేపుతాడు. అత్త రెండు నెలలుండి, ఇక్కడి చలి పడలేదని ఊరికి వెళ్ళిపోయింది. బావ ప్రతి ఆదివారం ఫోన్ చేసి ‘నీ ఓపికకు దండం పెట్టాలమ్మా’ అంటాడు. మా ఆధార్‌లు ఊరి అడ్రసుతోనే ఉన్నాయి, ఉచిత బస్సు కూడా లేదు. మొన్న పాలు పొంగిపోయాయని టెన్త్ చదివే కొడుకును చెంప మీద కొట్టాను. తర్వాత బాత్రూంలో కూర్చుని అరగంట ఏడ్చాను. ఒక్కోసారి మడివాళకు పోయి ఏదో ఒక బస్సెక్కి వెళ్ళిపోదామనిపిస్తుంది. నేనిట్లా ఉండేదాన్ని కాదు. ధైర్యం ఎట్లా పోయిందో తెలియదు. మనసు గట్టి చేసుకోవాలంటే ఏం చేయాలి? – ఒక సోదరి, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరం మొదటిసారి మామూలుగా చదివాను. రెండోసారి పెన్ను పట్టుకుని లెక్క వేస్తూ చదివాను. పదకొండున్నర నుంచి నాలుగు దాకా నాలుగున్నర గంటలు. మధ్యలో రెండుసార్లు లేచి ఆయన్ను నడిపించి, మళ్ళీ పడుకోబెట్టి, మీకు కునుకు పట్టేసరికి ఇంకో గంట పోతుంది. మిగిలింది మూడున్నర. పద్నాలుగు నెలలుగా ఇదే వరస. ఇంత నిద్రతో ఎవరిని నిలబెట్టినా పాలు పొంగితే చెయ్యి లేస్తుంది. మీ ధైర్యం ఎక్కడికీ పోలేదు తల్లీ, దానికి నిద్ర లేదు అంతే.

మనవాళ్ళకు ఒక అలవాటుంది. ఇంట్లో ఆడమనిషి బరువు మోస్తుంటే పక్కన నిలబడి మెచ్చుకుంటారు. ఒకసారి ఆ మెప్పు పొందాక ‘ఇంక నా వల్ల కాదు’ అనడానికి నోరు రాదు. మా నాన్న మంచంలో ఉన్న రెండేళ్ళూ మా అమ్మ వడియాలు చూసొస్తానని రోజూ మిద్దె ఎక్కేది. ఎండాకాలం సరే, వానాకాలంలో వడియాలేమిటని మాలో ఒక్కరికీ తోచలేదు. అందరం ఆమె ఓపికను పొగిడినవాళ్ళమే.

అందుకని ధ్యానం చేయండి, డైరీ రాయండి అని మీకిప్పుడు చెప్పను. అవి మంచివే. కానీ మీ రోజులో అవి ఇరవై మూడో క్యారియర్ అవుతాయి.

మొదట రాత్రి సంగతి చూద్దాం. మందుల షాపుల్లో మగవాళ్ళకు ప్లాస్టిక్ యూరిన్ పాట్ దొరుకుతుంది. ఆయనకు ఎడమ చెయ్యి బాగానే ఉంది కాబట్టి, మంచానికి ఎడమ వైపు అందేటట్టు పెడితే చాలా రాత్రులు మిమ్మల్ని లేపే పని ఉండదు. మొదట్లో సిగ్గుపడతారు, వద్దంటారు. ‘నా నిద్ర కోసం వాడు’ అనండి. రాత్రిపూట అన్నిసార్లు మూత్రం రావడానికి షుగరో, ప్రోస్టేటో, సాయంత్రం వేసుకునే ఏదైనా మాత్రో కారణం కావచ్చు. డాక్టర్‌ను అడగండి. మాత్రల వేళలు మాత్రం మీ అంతట మీరు మార్చకండి.

ఇక మీవారి మొండితనం. అది మొండితనమని నేననుకోవడం లేదు. పక్షవాతం వచ్చినవాళ్ళలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మెదడుకు తగిలిన దెబ్బా, సంపాదించే మనిషి మంచాన పడ్డ బాధా రెండూ అందులో ఉంటాయి. ఉన్నట్టుండి వచ్చే ఏడుపుకు ఇంకో కారణం కూడా ఉండొచ్చు. స్ట్రోక్ తర్వాత కొందరికి ఏడుపు మీద, నవ్వు మీద అదుపు తప్పుతుంది. లోపల అంత బాధ లేకపోయినా కళ్ళు కారిపోతాయి. రెండింటికీ వైద్యం ఉంది, ఏది ఏదన్నది డాక్టరే తేల్చాలి. పక్షవాతం తర్వాత మెరుగుదల తొలి మూడు నుంచి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తుందే గాని అక్కడితో తలుపు మూసుకుపోదు. ‘ఇంక ఇంతేలే’ అన్న మాట డిప్రెషన్‌ది అయితే, అది తగ్గనిదే ఎక్సర్‌సైజుల కోసం ఎంత పోరినా గోడకు చెప్పినట్టే.

హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది కదా. నరాల వైద్యం, మానసిక వైద్యం, మళ్ళీ నడక, మాట నేర్పే రీహాబిలిటేషన్ అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. మన వైపు నుంచి ఎంతోమంది అక్కడికే వస్తారు కాబట్టి భాష గురించి బెంగ వద్దు. పొద్దున్నే వెళ్ళాలి, రోజంతా పోతుంది. ఆ రోజు క్యారియర్లకు సెలవని ముందే చెప్పేయండి. ఆ పిల్లలు ఒక రోజు బయట తింటే కొంప మునగదు. మీ ఉగ్గాని విలువ కూడా తెలిసొస్తుంది.

అసలు చిక్కు కారు దగ్గరుంది. అద్దె, కంతు పోను మీ చేతిలో మిగిలేది 3,400. మాత్రలు, కరెంటు, పిల్లాడి ఫీజు అన్నీ అందులోనే. మీరు రాయలేదు గాని, నగలు ఈపాటికి తాకట్టుకు పోయే ఉంటాయి. మీరు వండే ఇరవై రెండు క్యారియర్లలో దాదాపు పదకొండు ఆ కదలని కారే తింటోంది. ఇది ధైర్యంతో గట్టెక్కే లెక్క కాదు.

ఆయన వైపు నుంచి కూడా చూడండి. కారు ఇంటి ముందు ఉన్నంతకాలం ఆయన ఇంకా డ్రైవరే. అమ్ముదామని మీరన్నప్పుడల్లా ‘ఇంక నువ్వు బండి ఎక్కలేవు’ అని భార్య నోట విన్నట్టవుతుంది. ఆ మాట మీరు అనకండి, డాక్టర్‌తో అనిపించండి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఆయన ఎదురుగానే అడగండి: మళ్ళీ ట్యాక్సీ నడపగలరా, అయితే ఎప్పటికి? జవాబు ఏదైనా అది వైద్యం చేసేవాళ్ళ మాట. మీ ఇద్దరి మధ్య పంతం కాదు.

ఆ తర్వాత కూడా వెంటనే అమ్మకం మాట ఎత్తొద్దు. ఎల్లో బోర్డు కారును, అంటే ట్యాక్సీ బండిని, నమ్మకమైన డ్రైవర్‌కు నెల అద్దెకు ఇవ్వొచ్చు. డ్రైవర్లలో ఎవరు నమ్మదగినవాళ్ళో మీకంటే ఆయనకే తెలుసు. అందుకే మనిషిని వెతికే పని, బేరం పని ఆయనకే అప్పగించండి. మాట ముద్దగా వస్తే పక్కన కొడుకు ఫోన్ పట్టుకుంటాడు. బండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, సర్వీసు ఎప్పుడు, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు ఎప్పటిదాకా, ఈ లెక్క పుస్తకం ఆయన రాయాలి, ఎడమ చేత్తో వంకరటింకరగా అయినా సరే. ఒప్పందం కాగితం మీద ఉండాలి. స్నేహితుడే కదా అని నోటిమాటతో తాళాలు ఇచ్చేయకండి.

మూడు నెలలు చూడండి. అద్దెలో కంతు వెళ్ళిపోతుంటే సరి. లేకపోతే అమ్మేయడమే, నా అభిప్రాయం అదే. అప్పుడు ఫైనాన్స్ వాళ్ళను మొత్తం బాకీ ఎంతో రాసివ్వమనండి. బాకీ తీరాక, ఇంక అభ్యంతరం లేదని వాళ్ళిచ్చే ఎన్‌ఓసీ, అప్పు ఒప్పందం ముగిసిందని చూపే ఫారం 35 తీసుకుని బండి ఆర్‌సీలో వాళ్ళ పేరు తీయించండి. ఖాళీ కాగితాల మీద ఎవరు అడిగినా సంతకం పెట్టొద్దు.

పిల్లాడి విషయంలో మీరు భయపడుతున్నంత ఏమీ జరగలేదు, కానీ ఊరుకోకూడదు. ‘నిద్ర లేక కొట్టాను, తప్పు నీది కాదు’ అని సూటిగా చెప్పండి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లలకు సారీ చెప్పరు, బదులుగా ఇష్టమైన కూర వండుతారు. కూరా వండండి, ఆ మాటా చెప్పండి. హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో జబ్బులు, గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి కనిపించిన ఆసరా ఏమిటంటే, తమను విడవకుండా పట్టించుకున్న పెద్ద మనిషి కనీసం ఒకరు ఉండడం. మీ అబ్బాయికి ఆ మనిషి మీరు. టెన్త్ ఏడాది కాబట్టి నాన్న స్నానం, రాత్రి కాపలా వాడి మీద వేయకండి. లెక్క పుస్తకం దగ్గర ఒక పావుగంట నాన్న పక్కన కూర్చుంటే చాలు.

ఇప్పుడు మీ బావగారు. ఆయన చెడ్డవాడని నేననుకోను. ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి దండం పెట్టి ఫోన్ పెట్టేస్తున్నాడు. ఈ ఆదివారం ‘సాయం చేయండి’ అని గాలికి వదలకుండా ఏ రోజు, ఎంతసేపు అన్నది చెప్పి అడగండి: ‘బావా, మీరు దండాలు పెట్టొద్దు. రెండో శనివారం పొద్దున వచ్చి మీ తమ్ముని దగ్గరుండండి, ఆదివారం రాత్రి పోదురు గాని. ఆ రెండు రోజులు నేను నిద్రపోతా.’ కదిరి నుంచి బెంగళూరు ఏమంత దూరం? రానంటే, ఆ రెండు రోజులకు మనిషిని పెట్టుకోవడానికి డబ్బు పంపమనండి. అడిగేటప్పుడు గొంతు వణికినా ఫరవాలేదు. అత్తను చలి పోయాక, ఫిబ్రవరి చివర్లో పిలవండి. చలి నెపం అప్పుడు చెల్లదు.

కాగితాల పని ఒకటుంది. ప్రభుత్వ ఆసుపత్రి పరీక్షలో వైకల్యం 40 శాతం, ఆపైన తేలితే సర్టిఫికెట్‌తో కొన్ని సదుపాయాలు వస్తాయి. ఆంధ్రలో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000. కానీ దానికి అక్కడి నివాసం కావాలి. ఇక్కడ 2023 జూన్‌లో మొదలైన మహిళల ఉచిత బస్సుకు కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. పన్నెండేళ్ళుగా మీ ఇంటి కాళ్ళు రెండు పడవల మీద ఉన్నాయి. ఎవరి ఆధార్ ఎక్కడ ఉండాలో బావగారు వచ్చినప్పుడు నలుగురూ కూర్చుని తేల్చుకోండి. ఎండాకాలం మీవారు ఊళ్ళో తల్లి దగ్గర కొన్నాళ్ళు ఉండడం కూడా ఆలోచించదగ్గదే. మందులు, ఎక్సర్‌సైజులు అక్కడా సాగితే చాలు. అది మొగుణ్ణి వదిలించుకోవడం అని ఎవరైనా అంటే, వాళ్ళకూ ఒక శనివారం అప్పగించండి.

బస్సెక్కి వెళ్ళిపోవాలనిపించడం గురించి మీరు సిగ్గుపడుతూ రాశారు. ఎంతోమంది రోగి పక్కన కూర్చుని ఇదే అనుకుంటారు, బయటికి చెప్పరు. అలసిన మనిషికి ఊరు దాటి నిద్రపోవాలని ఉంటుంది. కానీ ఆ ఆలోచన బస్సు దాటి, బతకడం ఎందుకు అనే దాకా ఏ రాత్రి వచ్చినా తెల్లారే దాకా ఆగకండి. ఇంట్లో ఎవరినైనా లేపండి, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అంత దాకా రాకపోయినా, వట్టినే ఏడవడానికైనా చేయొచ్చు. బాత్రూం కంటే నయం.

బావగారు ఏమన్నారో, కారు సంగతి డాక్టర్ ఏం చెప్పారో నాకు రాయండి. రేపు బీపీ మాత్రల కోసం షాపుకు వెళ్ళినప్పుడు మాత్రం ఆ యూరిన్ పాట్ మరిచిపోకండి.