ముందు సంతకం నాది, ముందు నంబరు వాళ్ళది: స్థలం ఎవరిది?

ప్రశ్న: తెనాలి దగ్గర 200 గజాల స్థలం కొని, డబ్బంతా ఇచ్చేశాను. మార్చిలో దస్తావేజు రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెట్టాం. విలువ తక్కువ చూపామంటూ రిజిస్టర్ చేయకుండా పెండింగ్ నంబరు వేశారు. లోటు సుంకం (తక్కువ పడిన స్టాంపు డ్యూటీ) నేనింకా కట్టలేదు. ఈలోగా, మే నెలలో, అమ్మినాయన అదే స్థలం ఇంకొకరికి రిజిస్టర్ చేసేశాడు. ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) వాళ్ళ పేరే వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. నా హక్కు పోయినట్టేనా?

జవాబు: పోలేదు. కానీ ఆలస్యం చేయకండి. దస్తావేజు ఎప్పుడు రిజిస్టరైనా, రాసి సంతకం పెట్టిన రోజు నుంచే అమల్లోకి వస్తుందని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఒకే ఆస్తిని ఒకరి తర్వాత ఒకరికి రాసిస్తే, తర్వాత వచ్చినవారి హక్కు ముందువారి హక్కుకు లోబడే ఉంటుందని 1882 ఆస్తి బదిలీ చట్టం 48వ సెక్షన్. ఈసీ చూసి నమ్మి కొన్నామని వాళ్ళు అనవచ్చు. నిజంగానే మోసపోయి ఉండవచ్చు కూడా, పాపం. అయినా వాళ్ళు డబ్బు వసూలు చేసుకోవాల్సింది అమ్మినాయన దగ్గరే.

అయితే ఇదంతా మీ దస్తావేజు రిజిస్టరైతేనే. పెండింగ్‌లో ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ప్రకారం దానితో మీకు హక్కు రాదు. అందుకని ముందు లోటు సుంకం కట్టి, రిజిస్ట్రేషన్ పూర్తయినట్టు రెగ్యులర్ నంబరు వేయించుకోండి.

దస్తావేజు వెనకవైపు ఒకసారి తిరగేసి చూడండి. దాఖలు చేసిన తేదీ, అమ్మినాయన ఫొటో, వేలిముద్ర, రాసిచ్చింది నిజమేనని ఒప్పుకుంటూ పెట్టిన సంతకం ఉన్నాయా? ఉంటే మీకు కొండంత బలం. పాత తేదీ వేసి రాయించుకున్నారని రేపు ఎవరైనా అంటే ఆ పేజీయే జవాబు చెబుతుంది. లోపల 'సొమ్ము పూర్తిగా ముట్టినది' అన్న మాట ఉందో లేదో కూడా చూసుకోండి. బాకీ తీరాకే హక్కు సంక్రమిస్తుందని రాసి ఉంటే మాత్రం వ్యవహారం మారిపోతుంది.

మీ చేతిలో ఉన్నది ఒట్టి అమ్మకం అగ్రిమెంటే అయితే ఈ ధీమా ఇచ్చేవాణ్ణి కాను. అగ్రిమెంటుతో ఆస్తిలో హక్కు పుట్టదు.

నంబరు పడగానే, మే నాటి దస్తావేజు మీ మీద చెల్లదని ప్రకటించమంటూ సివిల్ కోర్టులో దావా వేయండి. స్థలం మీ స్వాధీనంలో ఉంటే, వాళ్ళు అడ్డు రాకుండా ఇంజంక్షన్ (కోర్టు నిషేధాజ్ఞ) అడగండి. వాళ్ళు కంచె వేసేసి ఉంటే స్వాధీనం కూడా అదే దావాలో అడగాలి, లేకపోతే కేసు నిలబడదు. దావా నడుస్తుండగా వాళ్ళు మూడోవారికి అమ్మినా, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ కింద ఆ కొన్నవారూ తీర్పుకు కట్టుబడాల్సిందే.