సర్పంచ్ అయిన మేనకోడలికి, మీటింగులో ఫోన్ల గురించి

బిడ్డా,

పంచాయతీ మీటింగులో సెల్‌ఫోన్లు బంద్ పెట్టాలని తీర్మానం తెస్తున్నావట, మీ నాన్న చెప్పాడు. విన్నప్పటి నుంచి ఒకపక్క గర్వంగా ఉంది, ఇంకోపక్క మనసు కుదుటపడటం లేదు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా తెలంగాణలోని మిగతా ఊళ్లలాగే పాలకవర్గం లేక, స్పెషలాఫీసర్ల చేతిలో ఉన్న ఊరు అది. మోరీలు, వీధిలైట్లు, బిల్లులు అన్నీ పేరుకుపోయి ఉంటాయి. అయినా మీటింగు సక్రమంగా జరగడం గురించి ముందు ఆలోచించావు. ఎవరు నేర్పారో గానీ, మంచి బుద్ధి.

మామూలు సంగతులు చెప్పక్కర్లేదు. సైలెంట్‌లో పెట్టమను. తప్పనిసరి కాల్ వస్తే బయటికి వెళ్లి మాట్లాడమను. ఆశా వర్కర్‌ను, నీళ్లు వదిలే మనిషిని, గర్భిణి ఇంట్లో ఉన్నవాళ్లను వదిలెయ్. నోటిమాటగా కాకుండా ఎజెండాలో పెట్టు, మండల పంచాయతీ అధికారి (ఎంపీఓ) గారిని ఒకమాట అడుగు, తీర్మానం రాయించు. అన్నిటికంటే ముందు నీ ఫోన్ బ్యాగులో పెట్టు. మా ఇంటికి వచ్చినప్పుడు అన్నం కలుపుతూ కూడా ఎడమచేత్తో స్క్రీన్ తోస్తూనే ఉంటావు. ఆ అలవాటుతో కుర్చీలో కూర్చుంటే నీ మాట ఎవరూ వినరు.

ఇంతకీ ఫోన్ మోగితే మీటింగు పాడవుతుందని నువ్వు అనుకుంటున్నావు. మోగే ఫోన్ వల్ల పెద్ద నష్టం లేదు తల్లీ. మోగకుండా బల్ల కింద వెలిగే ఫోన్‌ను చూడు. ఓటింగుకు రెండు నిమిషాల ముందు వార్డు మెంబర్ తల దించాడంటే, కాంట్రాక్టర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చి ఉండొచ్చు. మహిళా మెంబర్ అయితే ఇంట్లోంచి వచ్చి ఉండొచ్చు.

1995లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఇచ్చినప్పుడు నేను సర్పంచ్ అయ్యాను కదా. మీ మామయ్య నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆఫీసర్లు ఆయన్ని చూసే మాట్లాడేవాళ్లు, నేను సంతకం దగ్గర మాత్రమే గుర్తొచ్చేదాన్ని. ఆ కుర్చీ తీయించడానికి నేనెంత గొడవపడ్డానో మీ నాన్నకు తెలుసు. ఇప్పుడు సగం సీట్లు మనవే. కానీ ఆ కుర్చీ వాట్సాప్‌లోకి చేరింది. భార్య సర్పంచ్ అయితే భర్త పెత్తనం చేసే 'సర్పంచ్ పతి' పద్ధతి మీద కేంద్ర పంచాయతీరాజ్ శాఖ కమిటీ వేసి, 2025లో నివేదిక కూడా తెప్పించుకుంది. అల్లుడు మంచివాడే, నీ మేలు కోరేవాడే. అందుకే నాకు భయం. మంచివాడు పంపే సలహాను పక్కన పెట్టడం కష్టం. మీటింగు నడిచినంతసేపు మెసేజ్ పెట్టొద్దని ఆయనకు ఇప్పుడే చెప్పు.

ఇక అసలు సంగతి. 2019లో మా ఊళ్లో గెలిచినాయన కూడా నీలాగే మొదలుపెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. అరుపులు, వీడియోలు ఎక్కువయ్యాయని, పంచాయతీ ఆఫీసు గడప దగ్గర ప్లాస్టిక్ టబ్ పెట్టించి లోపలికి వచ్చేవాళ్ల ఫోన్లన్నీ అందులో వేయించాడు. మెంబర్లవే కాదు, గ్రామసభకొచ్చిన జనానివి కూడా. అంతా ప్రశాంతంగా జరిగిందని సంబరపడ్డాడు. నేను వెనక బెంచీలో కూర్చుని, బాగానే ఉందే అనుకున్నాను.

ఆ రోజు చెరువు పక్క ఖాళీ జాగా సంగతి వచ్చింది. ఎవరికీ ఇవ్వొద్దని జనం గట్టిగా చెప్పారు, అందరం సంతకాలు పెట్టాం. కొన్నాళ్లకు అక్కడ పిల్లర్లు లేచాయి. మినిట్స్ బుక్కు అడిగి తెప్పించుకుని చూశాను. పైన తీర్మానాలు వెడల్పుగా, తీరిగ్గా రాసి ఉన్నాయి. చివరి రెండు లైన్లు మాత్రం మా సంతకాల పైన చీమల్లా ఇరికించి ఉన్నాయి. ఇంకు రంగు కూడా వేరు. జాగా లీజుకివ్వడానికి సభ ఒప్పుకుందట! సర్పంచ్‌కే తెలియదు, ఆయనా నెత్తి పట్టుకున్నాడు. అంతకుముందు ప్రతి సభనూ ఒక డిగ్రీ పిల్లాడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీసేవాడు. ఆ రోజు అతని ఫోన్ టబ్‌లో ఉంది. పైఅధికారుల దగ్గరికి వెళ్తే, మీ సంతకాలే కదమ్మా అన్నారు. సమాచార హక్కు కింద అడిగితే ఆ పుస్తకం జిరాక్సే మళ్లీ చేతికొచ్చింది. ఆ జాగా ఇంకా తిరిగి రాలేదు.

అందుకే చెప్తున్నాను. నెలనెలా జరిగే పాలకవర్గం మీటింగు వేరు, రెండు నెలలకోసారి పెట్టే గ్రామసభ వేరు. గ్రామసభలో ఓటరే సభ్యుడు, రాజ్యాంగమే ఆ మాట అంటుంది. బల్ల దగ్గర కూర్చుని ఓటేసేవాళ్ల చేతుల్ని కట్టెయ్, ఎదురుగా కూర్చుని చూసేవాళ్ల చేతుల్ని కాదు. 2012లో కర్ణాటక శాసనసభలో ఇద్దరు మంత్రులు ఫోన్‌లో చూడకూడని వీడియో చూస్తూ టీవీ కెమెరాకు చిక్కారు. వాళ్లతో పాటు ఆ వీడియో ఇచ్చాడన్న ఇంకో మంత్రి కూడా రాజీనామా చేశాడు. ఆ కెమెరా లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

జనం తీసే వీడియోకూ ఒక హద్దు ఉండాలిలే. 2025 జనవరిలో ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదివిన గ్రామసభల్లో పేరు లేదని ఏడ్చినవాళ్ల వీడియోలు ఊరూరా తిరిగాయి. ఆధార్ నంబర్లు, రోగాల సంగతులు, ఇంటి గొడవలు మైకులో చదివించకు. అలాంటి అర్జీలు విడిగా తీసుకో. చదవకపోతే తీయడానికేం ఉండదు.

రికార్డింగ్ నుంచి మినిట్స్ రాసే సభాసార్ అనే ఏఐ సాధనాన్ని కేంద్రం 2025 ఆగస్టులో తెచ్చింది. సెక్రటరీ దాన్ని వాడతానంటే వాడనీ. కానీ మిషన్ రాసినా మనిషి రాసినా, సభ లేవకముందే బిగ్గరగా చదివించి, చివరి తీర్మానం కింద అడ్డగీత కొట్టించి, ఆ తర్వాతే సంతకాలు పెట్టించు. ఖాళీ పేజీ మీద సంతకం అడిగితే లేచి వచ్చెయ్, ఎవరేమనుకున్నా సరే.

కోప్పడ్డానని బాధపడకు. నువ్వు ప్రమాణం చేసిన వీడియో నా ఫోన్‌లో ఉంది, మా వాడకట్టులో అందరికీ చూపించాను. పైలం బిడ్డా, రాత్రి మీటింగులైతే ఎవరినైనా తోడు తీసుకెళ్లు. తీర్మానం చిత్తుప్రతి ఎజెండాలో పెట్టకముందే నాకు పంపు. అందులో జనం ఫోన్ల మీద ఒక్క లైన్ ఉన్నా కొట్టేసి వెనక్కి పంపుతాను.

నీ మేనత్త