అడ్వాన్సు కట్టి ఓపికగా ఎదురుచూస్తే గడువు ఆగుతుందా?

ప్రశ్న: పెళ్లిళ్లలో, భజనల్లో కీబోర్డు వాయించి బతుకుతున్నాను. 2023 జూన్ 10న హైదరాబాద్‌లోని ఒక దుకాణంలో విదేశీ సింథసైజర్‌కు (ఎలక్ట్రానిక్ కీబోర్డు) రూ.60 వేలు అడ్వాన్సు కట్టాను. చిప్‌ల కొరత ఉందని, ఓపిక పట్టమని చెబుతూ వచ్చారు. నా తర్వాత అడిగినవారికి అదే మోడల్ ఇచ్చారని తెలిసి కుమిలిపోయాను. 2024 నవంబరు 18న ‘ఆ మోడల్ తెప్పించలేం, వేరేది తీసుకోండి, అడ్వాన్సు తిరిగి ఇవ్వం’ అని వాట్సాప్‌లో పెట్టారు. ఫోను చేస్తే మాత్రం ఇప్పటికీ ‘చూద్దాం’ అంటున్నారు. రసీదులో డెలివరీ తేదీ గడి ఖాళీగా ఉంది. అందులో ‘ఆరు నెలల్లో’ అని రాసుకోమని మిత్రుడి సలహా. నాకు న్యాయం జరుగుతుందా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ కేసును తేల్చేది 2024 నవంబరు 18 నాటి ఆ వాట్సాప్ సందేశం. వినియోగదారుల రక్షణ చట్టం-2019 సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (దావాకు దారితీసిన సంఘటన) పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. అవతలివారు సరుకు ఇవ్వమని, డబ్బూ ఇవ్వమని తేల్చి చెప్పింది ఆ రోజే. అంటే 2026 నవంబరు 18తో రెండేళ్లు నిండుతాయి. ఫోనులో వినిపించే ‘చూద్దాం’ ఆ గడువును ఒక్క రోజు కూడా పొడిగించదు. లాయరు నోటీసు కూడా పొడిగించదు. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి వినియోగదారుల కమిషన్‌ను ఒప్పించాలి. ‘వస్తుందని ఎదురుచూశాను’ అన్నది అక్కడ నిలవడం కష్టం.

ఆ ఖాళీ గడిలో ఒక్క అక్షరం కూడా రాయకండి. అది ఫోర్జరీ, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద నేరం. దుకాణం దగ్గర రెండో ప్రతి ఉంటుందన్న ఆలోచన మీ మిత్రుడికి రాలేదా? పైగా ‘ఆరు నెలల్లో’ అని రాస్తే గడువు 2023 డిసెంబరు నుంచే మొదలైందని అవతలి లాయరు వాదిస్తాడు. అప్పుడు రెండేళ్లు 2025 డిసెంబరులోనే ముగిసినట్టు. గెలిచే కేసును మీ చేతులతోనే చంపుకున్నవారవుతారు. ఖాళీ గడి మీకు నష్టం కాదు. తేదీ నిర్ణయించుకోకపోతే సహేతుకమైన కాలంలో ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 46 చెబుతోంది.

చిప్‌ల కొరత సాకు నిలవదు. జపాన్‌లోని నొబెఓకాలో అసాహి కసెయి వారి చిప్‌ల కర్మాగారం తగలబడి ఆడియో పరికరాల తయారీకి దెబ్బ తగిలిన మాట నిజం. అయితే అది 2020 అక్టోబరు సంగతి. అదంతా తెలిసే వీరు 2023లో మీ సొమ్ము తీసుకున్నారు. సరుకు దొరకడం కష్టమైనంత మాత్రాన కాంట్రాక్టు చట్టం సెక్షన్ 56 కింద ఒప్పందం రద్దు కాదు. మీ తర్వాతివారికి ఇచ్చారన్న బాధ కంటే, వారిలో ఒకరి బిల్లు నకలు మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. సంపాదించండి.

రసీదు థర్మల్ కాగితం మీద ఉంటే ఇప్పటికే అక్షరాలు వెలిసిపోతూ ఉంటాయి. ఇన్నాళ్లూ నకలు తీయించకపోవడం అజాగ్రత్త. ఈ రోజే తీయించండి. డబ్బు వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చుకోండి. వాట్సాప్ సంభాషణను మొదటి నుంచి చివరి వరకు, తేదీలు, నంబరు కనిపించేలా ముద్రించి, భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం జతచేయాలి. కేసు ముగిసేవరకు ఆ ఫోను మార్చకండి, అమ్మకండి.

మీరు వాయించి సంపాదిస్తారు కాబట్టి ఇది వ్యాపార కొనుగోలని వాదిస్తారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్నది వ్యాపార కొనుగోలు కాదని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయించండి.

ముందుగా అడ్వాన్సు, వడ్డీ కోరుతూ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. సమాధానం రాకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, హైదరాబాద్ వెళ్లనక్కర లేదు. మీరు చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి ఆన్‌లైన్ పోర్టల్‌లోనూ దాఖలు చేయవచ్చు. ఈ మధ్యలో కీబోర్డు అద్దెకు తెచ్చుకుని ఉంటే ఆ రసీదులు కూడా జతచేసి నష్టపరిహారం అడగండి. రసీదు లేని నష్టానికి పెద్ద అంకెలు వేయకండి.