నాన్నకి సరైన మనిషి దొరకట్లేదు

ప్రశ్న: నమస్తే మేడం. మాది గుంటూరు, పెళ్లయ్యాక నేను హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటున్నా. నాన్నకి 71. మొన్న సంక్రాంతి వెళ్లాక పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మనం అనేది ఆయనకి అర్థమవుతుంది కానీ చెప్పాలనుకున్నది బయటికి రావట్లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆయన్ని లేపలేదు. ఏజెన్సీ నుంచి ముగ్గురు వచ్చారు, ముగ్గురూ పోయారు. ఒకతను ఊళ్లో ఫంక్షన్ అని వెళ్లి మళ్లీ ఫోన్ ఎత్తలేదు, ఒకావిడ నాన్న గ్లాసు విసిరారని ఏడ్చి వెళ్లిపోయింది, ఇంకొకతను రాత్రిళ్లు నిద్రపోతున్నాడని అమ్మే పంపేసింది. ఇప్పుడు ఇంకో ఏజెన్సీ వాళ్లు రిజిస్ట్రేషన్ 5 వేలు, నెలకి 26 వేలు, మనిషి 24 గంటలూ ఇంట్లోనే ఉంటాడు అంటున్నారు. అమ్మేమో మనవాళ్లలోనే ఎవర్నైనా చూడు, వంటింట్లోకి రాకూడదు అంటోంది. తమ్ముడు అమెరికాలో ఉన్నాడు, డబ్బు పంపిస్తాడు. సరైన మనిషిని ఎలా వెతకాలి?
ఒక కూతురు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి సంగతి మాట్లాడుకుందాం, మనిషి సంగతి తర్వాత. కుడి పక్క పడిపోయి మాట పోయిందంటే దెబ్బ మెదడులో ఎడమ వైపు తగిలిందని అర్థం, చాలామందికి మాటకి సంబంధించిన భాగం అటే ఉంటుంది. అన్నీ అర్థమవుతూ ఒక్క మాట బయటికి రాకపోతే ఆ మనిషి లోపల ఎంత నలిగిపోతాడో ఆలోచించండి, దాహం వేస్తోందని చెప్పలేక గ్లాసు విసిరారేమో మనకి తెలీదు. దానికి తోడు స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ రావడం చాలా మామూలు, దానికి మందులున్నాయి, కానీ ఇంట్లోవాళ్లు కోపిష్టి అయిపోయాడు అనుకుని డాక్టర్‌కి చెప్పరు. మీరు న్యూరాలజిస్ట్‌కి తప్పకుండా చెప్పండి, స్పీచ్ థెరపీ గురించి కూడా అడగండి. ఈలోపు నీళ్లు, బాత్రూమ్, నొప్పి, ఫ్యాన్, అమ్మని పిలువు, ఇలాంటి బొమ్మలు ఒక అట్ట మీద అతికించి ఎడమ చేతికి అందేలా పెట్టండి, వేలితో చూపిస్తారు. ఇది చెయ్యకుండా ఎంత మంచి మనిషిని తెచ్చినా నాలుగో వాళ్లూ నిలవరు.

ఇక మనిషిని వెతకడానికి ముందు ఒక కాగితం మీద నాన్నగారి రోజంతా రాయండి. ఎన్నింటికి లేస్తారు, ఎన్నిసార్లు డైపర్ మార్చాలి, పట్టుకుంటే నిలబడగలరా లేక ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాలా, అన్నం నోటితో తింటారా ముక్కులో పైప్ ఉందా, యూరిన్ పైప్ ఉందా, రాత్రి ఎన్నిసార్లు లేపుతారు, బరువెంత. పైపులు, పుండ్ల డ్రెస్సింగ్ లాంటివి ఉంటే నర్సింగ్ చదివినవాళ్లు కావాలి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూపించమని అడగొచ్చు. అవేవీ లేకపోతే అనుభవమున్న అటెండర్ చాలు, నర్సు రేటు కట్టక్కర్లేదు. ఏజెన్సీకి కేర్‌టేకర్ కావాలి అని ఒక్క ముక్క చెప్తే ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లని పంపిస్తారు, ఈ కాగితం చదివి వినిపిస్తే వాళ్లూ ఆలోచించి పంపుతారు.

రాత్రిళ్లు నిద్రపోతున్నాడని పంపేశారు చూశారూ, ఆ అబ్బాయి పక్షాన ఒక మాట చెప్పాలి. మంచం మీదున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి, ఎయిర్ బెడ్ వేసినా తిప్పడం మానకూడదు. పగలంతా ఎత్తి దించి కడిగి తినిపించి మళ్లీ రాత్రి రెండు గంటలకోసారి లేవమంటే ఏ మనిషైనా ఎన్ని రోజులు చెయ్యగలడు? 24 గంటలు ఒక్కరే అనేది నాకు మొదట్నుంచీ నచ్చని పద్ధతి, మీ ఇంట్లోనే కాదు ఎక్కడా అది నిలవదు, నిద్ర లేని మనిషి చేతిలోంచి నాన్నగారు జారిపడితే అప్పుడెవర్నని ఏం లాభం? పగలు ఒకరు రాత్రి ఒకరు పెట్టుకోండి, తమ్ముడు పంపే డబ్బు ఇక్కడ ఖర్చుపెట్టండి. అంత కుదరదంటే ఇంట్లో ఉండే మనిషి ఒకరు, వారంలో కొన్ని రాత్రులకి ఇంకొకరు, వారానికి ఒక సెలవు, ఇంతకంటే తగ్గొద్దు.

అమ్మగారికి ఇది మీరే నెమ్మదిగా చెప్పాలి. ఆ మనిషి మీ నాన్న ఒళ్లు తుడుస్తాడు, మలమూత్రాలు ఎత్తుతాడు, నోట్లో ముద్ద పెడతాడు. ఆ మనిషికి వంటింటి గడప బయట వేరే గ్లాసు, వేరే కంచం పెడితే ఆ చెయ్యి మీ నాన్న మీద ప్రేమగా ఎలా పడుతుంది? కులం చూసి మనిషిని తెచ్చుకోవడం తప్పు, ఇందులో నాకు రెండో మాట లేదు. పైగా మనవాళ్లే కావాలని కూర్చుంటే పని తెలిసినవాళ్లు చేజారిపోతారు. మీరు తినే భోజనమే పెట్టండి, టైమ్‌కి పెట్టండి, పడుకోడానికి ఫ్యానున్న చోటివ్వండి.

ఏజెన్సీల కంటే నేనైతే నాన్నగారి ఫిజియోథెరపిస్ట్‌ని, ఆయన ఉన్న హాస్పిటల్ వార్డులో సిస్టర్లని ముందు అడుగుతా, ఎవరు బాగా చేస్తారో వాళ్లు కళ్లతో చూసుంటారు. వచ్చినవాళ్లని ప్రశ్నలు అడిగి సరిపెట్టకుండా ఒక రోజు డబ్బులిచ్చి పని చేయించి మీరు పక్కనుండి చూడండి. నాన్నగారిని ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, బాబాయ్ ఇప్పుడు ఇటు తిప్పుతున్నా అని చెప్పి తిప్పుతున్నాడా? లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగుతున్నాడా? అలా లాగితే భుజం కీలు జారుతుంది, పని తెలిసినవాళ్లు నడుము దగ్గర పట్టుకుంటారు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న స్పూన్‌తో పెట్టి, మింగాకే ఇంకో స్పూన్ పెడుతున్నాడా? ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే స్ట్రోక్ వచ్చినవాళ్లకి మింగడం సరిగా లేకపోతే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. దగ్గుతున్నా పెడుతూనే ఉన్నాడంటే వద్దనేయండి. వాళ్లు ఇంతకుముందు చేసిన ఇళ్లకి ఫోన్ చేసి ఎందుకు మానేశారని అడగండి. ఆఖర్న నాన్నగారిని అడగండి, ఈయన ఉండొచ్చా, స్నానానికి మగమనిషైతే నయమా అని, తల ఊపడం ఆయనకొచ్చు కదా. ముగ్గురు వచ్చి వెళ్లారు, ఒక్కసారైనా ఆయన్ని ఎవరైనా అడిగారా?

రిజిస్ట్రేషన్ డబ్బు కట్టే ముందు మనిషి మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకర్ని పంపుతారు, 26 వేలల్లో ఆ మనిషి చేతికి ఎంత వెళ్తుంది, ఈ రెండూ రాయించుకోండి. చేతికి సగమే వెళ్లేచోట మనుషులు ఫోన్ ఎత్తకుండా మాయమవుతూనే ఉంటారు. ఆధార్ కాపీ, ఫోటో తీసుకోండి, పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. బంగారం, ఏటీఎం కార్డు లాకర్‌లో పెట్టండి, రేపు ఏ వస్తువో కనపడకపోతే ఆ మనిషి మీద నింద పడకుండా ఉంటుంది.

ఇంకొకటి, ఏపీలో 2024 జూలై నుంచి పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి ఎన్టీఆర్ భరోసాలో నెలకి 15 వేల పెన్షన్ ఉంది. వైకల్యం ఎంతుందో చెప్పే సదరం సర్టిఫికెట్ కావాలి, మిగతా అర్హతలు కూడా చూస్తారు, వార్డు సచివాలయంలో అడగండి.

ప్రశ్న: మా అబ్బాయికి 28, మానసిక ఎదుగుదల తక్కువ. ఇన్నాళ్లూ నేనే చూసుకున్నా, ఇప్పుడు ఓపిక లేదు. బయటి మనిషిని పెట్టాలంటే భయం, వాడు కొట్టారని కూడా చెప్పలేడు.
ఒక తల్లి, ఖమ్మం

జవాబు: భయం న్యాయమే. అందుకే మీకు ఓపిక ఉన్నప్పుడే మొదలెట్టాలి, రోజుకి రెండు గంటలు, మీరు ఇంట్లోనే ఉండగా. తలుపులు మూయొద్దు అని మొదటి రోజే చెప్పండి, అప్పుడప్పుడు చెప్పకుండా గదిలోకి వెళ్లండి. ఆ మనిషిని చూడగానే బాబు ముడుచుకుపోతున్నా, తిండి నిద్ర మారినా, ఒంటి మీద మచ్చ కనిపించినా సర్దుకుపోవద్దు, ఆపేయండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, ఇలాంటి పిల్లల కోసమే పెట్టిన కేంద్ర సంస్థ, ఒకసారి తీసుకెళ్లి ఇంట్లో ఎలాంటి సాయం కావాలో వాళ్లతోనే చెప్పించుకోండి. 18 దాటాడు కాబట్టి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌షిప్‌కి, అంటే చట్టప్రకారం బాబు సంరక్షకులుగా ఉండటానికి, కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి అప్లై చెయ్యండి, మీ తర్వాత ఎవరు చూడాలో ఇప్పుడే కుటుంబంలో మాట్లాడుకోండి. అదే ట్రస్ట్‌లో నిరామయ అని లక్ష రూపాయల వరకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, అదీ తీసుకోండి.